గాలయ్య పాటలు, రెండో వైపు ఖాళీ

నవ్వబోమని ఒట్టేస్తేనే చెబుతాను. వెయ్యరా? సరే, చాయ్ డబ్బులు మీవే కాబట్టి నవ్వుకోండి.

నా పేరు గాలయ్య. నేను వాయించేది హార్మోనియం. గాలిపెట్టెకు గాలయ్య భలే దొరికాడని కోస్గి బజారులో ఇప్పటికీ ఒక పరాచికం ఉంది. దాన్ని మొదట పుట్టించింది మా ఆవిడ కౌసల్య, పెళ్ళైన మూడో రోజున. అప్పటి నుంచి ఆమెకు మాట్లాడటం, నాకు పడటం అలవాటైపోయాయి.

ఇది తొంభై ఒకటి నాటి సంగతి. అంతకుముందు నాటకాలకు హార్మోనియం వాయించేవాణ్ణి, భజనలకు పాడేవాణ్ణి. ఊరూరా టీవీలు వచ్చాక నాటకం కట్టేవాళ్ళే లేకుండా పోయారు. దాంతో నేనే పాటలు కట్టి, నేనే పాడి, మెచ్చుకునేవాళ్ళు దొరకనప్పుడు నేనే మెచ్చుకుంటూ రోజులు గడుపుతున్నాను.

మా ఆవిడకు ఒక అన్న ఉన్నాడు. పేరు కాటమయ్య. కొల్లాపూర్‌లో ఎరువుల దుకాణం. వచ్చినప్పుడల్లా నా హార్మోనియం వైపు చూసి, అది పాసిపోయిన యూరియా బస్తా అయినట్టు ముక్కు మూసుకునేవాడు.

"బావా, దుకాణంల కూసో. బస్తాలు తూకమెయ్యి. గీ పెట్టెను అటకెక్కియ్యి," అన్నాడు ఆ ఏడు ఉగాదికి, నా మీద నేనే కట్టుకున్న పులి పాట వినిపించగానే.

నేను రోషంగా లేచాను. "ఒక్క క్యాసెట్టు ఏస్త బావా. పీర్ల పండుగ లోపట జనం దాన్ని అడిగి అడిగి తీస్కపోవాలె. లేకుంటే నువ్వు చెప్పినట్టే చేస్త."

"సాచ్చెం?" అన్నాడు.

"నేనున్న గద," అంది కౌసల్య వంటింట్లోంచి. అన్నీ వినిపిస్తాయి ఆమెకు, నేను నీళ్ళడిగినప్పుడు తప్ప.

సరదాగా చెబుతున్నాను గానీ, ఆ మాట ఇచ్చిన రోజు నాకు ముద్ద దిగలేదు. పాట తప్ప నాకు ఏ పనీ రాదు. హార్మోనియం అటకెక్కిందంటే దానితో పాటు నేనూ అటకెక్కినట్టే.

బస్టాండు దగ్గర పెద్దులు అని ఒకడుండేవాడు. ఖాళీ క్యాసెట్టు తెస్తే అడిగిన పాటలు ఎక్కించి ఇచ్చే దుకాణం వాడిది. పాటలకంటే సలహాలు ఎక్కువ ఎక్కించేవాడు కాబట్టి సలహాల పెద్దులు అనేవాళ్ళం. వాణ్ణే నా ధందాకు గురువుగా పెట్టుకున్నాను.

"అన్నా, ధంద అన్నంక మొదలు ఏది ముఖ్యమో ఎరుకుండాలె," అన్నాడు.

"ఏది ముఖ్యం?"

"మొహం."

"పాట గాదా?"

"పాట లోపటుంటది. మొహం పైనుంటది. జనం మొదలు ఏది చూస్తరు?"

అంత గొప్ప ఆలోచన నాకు ఎందుకు రాలేదా అని ఇంటికొచ్చేదాకా నన్ను నేను తిట్టుకున్నాను.

అట్ట మీదికి ఫోటో దిగాలి. కళాకారుడన్నాక భుజం మీద పట్టు శాలువా ఉండాలి. నాకెవరూ శాలువా కప్పిన పాపాన పోలేదు. కౌసల్య బావి దగ్గరికి పోయిన సమయం చూసి, పెట్టెలోంచి ఆమె పెండ్లి పట్టుచీర తీసి నాలుగు మడతలు పెట్టి కప్పుకున్నాను. ఫోటోగ్రాఫరు కూడా కనిపెట్టలేదు. క్యాసెట్ల మీద అచ్చయి వచ్చాక కౌసల్య అట్టను ముక్కుకు దగ్గరగా పెట్టుకుని చూసింది.

"ఇది నా పెండ్లి చీరె గాదా?"

"శాలువనే. పట్నంకెళ్ళి తెప్పిచ్చిన."

"శాలువకు కొంగుంటదా?"

అప్పుడే హార్మోనియం బిగుసుకుపోయిందని గుర్తొచ్చి, దాన్ని బాగుచేసే పనిలో పడ్డాను.

ఇక లోపలి సంగతి. పట్నం స్టూడియోలో పాడటానికి దొరికిన సమయం ఒక పూట. ఆ పూటలో ఆరు పాటలే అయ్యాయి. ఒక వైపు నిండింది, రెండో వైపు ఖాళీగా మిగిలి నాకు సిగ్గనిపించింది. మొదటి పాట నా మీద నేనే కట్టుకున్నది. 'పాటల పులి వచ్చె, పాలమూరు పులి వచ్చె' అని ఐదు నిమిషాలు సాగుతుంది. రెండోది పక్కింటి గోపమ్మ కోసం కట్టినది. ఆమె మొగుడు కృష్ణయ్య కూలికి బొంబాయి బస్సెక్కిన రోజు ఆమె గడపలో నిలబడ్డ తీరు చూసి కట్టాను.

"జొన్నరొట్టె మూటగట్టి చేతికిస్తిరా
ఆకలెప్పుడైతదో అడుగనైతిరా"

"గీ రొట్టె పాట మొదలు పెట్టు. పులిని తీసెయ్యి," అంది కౌసల్య, నేను పట్నం పోకముందే.

"పులిని తీస్తే నేనెవలో జనానికి ఎట్ల తెలుస్తది?"

"జనమంటే ఎవలు?"

"జనమంటే జనమే. అభిమానులు."

"పదిమంది పేర్లు చెప్పు."

నేను వేళ్ళు ముడిచాను. "ఎమ్మార్వో సారు. బ్యాంకు మేనేజరు. సర్పంచు. ఏఈ సారు..."

"వాళ్ళు పాట వినరు. నీ నమస్తే తీసుకుంటరు. నీ పాట ఎవలికి కావాల్నో ఎరుకలేకుంటే రెండు డబ్బాల క్యాసెట్లు ఎవలికిస్తవయ్యా?"

ఆడవాళ్ళకు వ్యాపారం ఏం తెలుసని జాలిపడ్డాను. అచ్చయి వచ్చిన క్యాసెట్లు రెండు వందలు. వాటిలో నలభై తనకు కావాలంది కౌసల్య.

"నీకెందుకే?"

"చుట్టాలకు."

నోరు మూయించడానికి నలభై ఇచ్చాను. ఆ నోరు మూయించినందుకే ఇప్పటికీ బతికి బట్టకట్టానని అప్పుడు నాకు తెలియదు.

మిగిలిన నూట అరవై పెద్దులు చెప్పినట్టు పంచాను. వాడి లెక్క ప్రకారం జీపులో మోగితే ఇరవై ఊళ్ళకు వినిపిస్తుంది, హోటల్లో మోగితే వచ్చిపోయేవాళ్ళంతా వింటారు. కాబట్టి ముందు ఊరికే ఇవ్వాలి, తర్వాత జనమే ఎగబడతారు. జీపు డ్రైవర్లకు, హోటళ్ళకు, మంగలి దుకాణాలకు, ఆఫీసర్లకు వంగి వంగి ఇచ్చాను. అందరూ రెండు చేతులా తీసుకున్నారు.

గోడలకు పోస్టర్లు కూడా అంటించాను. మైదా పిండి కాస్త చిక్కగా కలిపినట్టున్నాను, తెల్లారేసరికి మేకలు నాకేశాయి. నా మొహం రుచిగా ఉందని మొదట ఒప్పుకున్నది అవే.

రెండు వారాలు తిరక్కముందే ఊళ్ళో నా పేరు మోగిపోయింది. ఎక్కడ కనిపించినా ఇదే మాట.

"గాలయ్యన్నా, మస్తుంది నీ క్యాసెట్టు! ఇంకోటుంటే ఇయ్యవా?"

ఇంటికి కూడా రావడం మొదలుపెట్టారు. ఒకాయన కోడిపుంజును చంకన పెట్టుకొచ్చి, అది తీసుకుని రెండు క్యాసెట్లిమ్మన్నాడు. నేను కౌసల్య ముందు ఛాతీ విరుచుకుని తిరిగాను.

"ఏ పాట నచ్చిందో అడిగినవా?" అంది.

"అన్నీ నచ్చినయంట."

"అన్నీ నచ్చినయంటే ఒక్కటి గూడ వినలేదన్నట్టు."

కడుపుమంట అనుకున్నాను. బావకు కార్డు రాసి పడేశాను: పీర్ల పండుగకు రెండు రోజులు ముందే రా, నా పేరు ఎంత మోగుతోందో నీ చెవులతోనే విను అని.

వచ్చాడు. మహబూబ్‌నగర్‌లో బస్సు దిగిన బావను, నా క్యాసెట్టు తీసుకున్న నూరుద్దీన్ జీపులో ఎక్కించాను. పన్నెండు మంది పట్టే జీపులో ఇరవై మందిమి ఉన్నాం. ముందు అద్దం దగ్గర, అత్తరు సీసా పక్కన, క్యాసెట్టు అట్ట మీద పట్టుచీర కప్పుకుని నేను నవ్వుతున్నాను. బావ మోచేయి పొడిచి చూపించాను.

"నూరుద్దీన్ భాయ్, జర క్యాసెట్టు పెట్టు. మా బావ వింటడు."

నూరుద్దీన్ ఉత్సాహంగా పెట్టాడు. ఒక ఆడ గొంతు కెవ్వున లేచి సినిమా పాట అందుకుంది.

బావ నా వైపు తిరిగాడు. "బావా, నీ గొంతు గిట్లెప్పుడైంది?"

"ఇది రెండో దిక్కు గావచ్చు. తిప్పు భాయ్, తిప్పు."

తిప్పాడు. రెండో వైపు సినిమా హాస్యగాడు ఎవరినో తన్నించుకుంటున్నాడు. జీపంతా నవ్వింది. బావ కూడా నవ్వాడు, కాకపోతే నన్ను చూసి.

"నా పాటలేవి భాయ్?"

"కొత్త సిన్మా పాటలు ఎక్కిచ్చిన అన్నా," అన్నాడు నూరుద్దీన్, నన్ను మెచ్చుకుంటున్నట్టే. "నీ క్యాసెట్టు మాల్ అసలైనది. ఎంత ఎండైనా రీలు ఇరుక్కోదు. ఇంకో రెండుంటే ఇయ్యి."

కోస్గిలో దిగగానే బావను యాదయ్య హోటల్‌కు ఈడ్చుకుపోయాను. అక్కడా నా మొహం గల్లాపెట్టె మీద నవ్వుతూ ఉంది. యాదయ్య మీట నొక్కాడు. "పదమూడు రెళ్ళు ఇరవై ఆరు, పదమూడు మూళ్ళు ముప్పై తొమ్మిది" అని వాళ్ళ బిడ్డ ఎక్కాలు అప్పజెప్పడం మొదలుపెట్టింది.

"బిడ్డకు మరిచిపోకుంట ఎక్కిచ్చిన గాలయ్యా. నీ పుణ్యం," అన్నాడు యాదయ్య.

బావ ఆఖరి ఎక్కం దాకా విన్నాడు. "గీ పాట నాకు నచ్చింది. యాడ గూడ లెక్క తప్పలే," అన్నాడు.

సర్పంచు ఇంట్లో నా క్యాసెట్టు సర్పంచు గొంతుతోనే నాలుగుసార్లు దగ్గి "సోదర సోదరీమణులారా" అంది. అక్కడ ఆగలేక పెద్దులు దుకాణానికి పరుగెత్తాను. దుకాణం ముందు ఏడెనిమిది మంది నిలబడి ఉన్నారు, అందరి చేతుల్లోనూ నా మొహమే.

"ఏందిరా ఇది?"

పెద్దులు ఒక క్యాసెట్టు తీసి దాని వీపు చూపించాడు. "అన్నా, గీడ రెండు మూలలకు చిన్న ప్లాస్టిక్ పలుకులుంటయి. ఒక్కో దిక్కుకు ఒక్కోటి. అది విరగ్గొడితే ఆ దిక్కు మీద ఇంకోటి ఎక్కదు. కంపెనీ క్యాసెట్లకు వాళ్ళే విరగ్గొట్టి పంపుతరు. నువ్వు విరగ్గొట్టలేదా?"

"నాకు చెప్పకపోతివేందిరా?"

"నువ్వు మొహం ముచ్చట అడిగినవు. నేను మొహం దాకనే చెప్పిన."

"మరి నా పాటల మీద సిన్మా పాటలు ఎక్కిచ్చెటప్పుడు నీ చెయ్యెట్లొచ్చింది?"

"అన్నా, ధంద అన్నంక..." అని మొదలుపెట్టి, నా మొహం చూసి ఆపేశాడు. ఈసారి మొహం నిజంగానే ముఖ్యమైంది.

అంటే ఊరంతా అడిగింది నా పాటను కాదు, ఊరికే వచ్చే ఖాళీ క్యాసెట్టును. మూడు నెలలుగా నేను పంచింది అదే. ఇంటిదారి పట్టాం. బావ ఎగతాళి చేసినా బాగుండేది. చెయ్యలేదు. నా భుజం మీద చెయ్యి వేశాడు.

"ఫికర్ చెయ్యకు బావా. దుకాణంల రేడియో ఉన్నది. పాటలు వినొచ్చు."

హార్మోనియం కట్టడానికి పాత దుప్పటి ఎక్కడుందా అని ఆలోచిస్తూ నడిచాను.

ఇంటి ముందు చెప్పుల కుప్ప ఉంది. ఇంకా ఖాళీ క్యాసెట్ల కోసమే వచ్చారనుకుని, తిట్టడానికి సిద్ధమై లోపలికి అడుగు పెట్టాను. నడింట్లో ఆడవాళ్ళు పదిహేను మంది దాకా కూర్చుని ఉన్నారు. మధ్యలో మా వీధి అజ్మత్ బీ, ఆమె ఒళ్ళో దుబాయి నుంచి కొడుకు కరీం పంపిన టూ ఇన్ వన్ టేపు రికార్డరు. అందులోంచి మా ఆవిడ గొంతు వస్తోంది.

"శనార్థి కృష్ణయ్యా. నేను కౌసల్యను. గిప్పుడు పాడేటాయన మా ఇంటాయన. మనిషి జర గొప్పలు చెప్తడు గని పాట మంచిగ పాడుతడు. గీ దిక్కు ఆయన పాటలున్నయి. ఆ దిక్కు సగం మీ గోపమ్మ మాట్లాడింది, సగం నీ కోసం ఖాళీగున్నది. నీ ముచ్చట చెప్పి పంపు. ఏ పాట నచ్చిందో గూడ చెప్పు. నచ్చకుంటే గదే చెప్పు, ఆయన ఏమనుకోడు."

ఆ తర్వాత నాలుగు నిమిషాల ఊరి ముచ్చట్లయ్యాక "...పులి వచ్చె వచ్చె" అని ఒక్క ముక్క వినిపించి, జొన్నరొట్టె పాట మొదలైంది.

"నా పులేదే?" అన్నాను.

"తోక మిగిలింది," అంది కౌసల్య. "తల మీద నా మాట ఎక్కిచ్చిన. ఎక్కిచ్చినంక ఆ దిక్కు పలుకును పిన్నీసుతోటి విరగ్గొట్టిన. రెండో దిక్కుది అట్లనే ఉంచిన."

"పలుకు సంగతి నీకెట్ల తెలుసు?"

అజ్మత్ బీ నవ్వింది. "నేనే చెప్పిన గాలయ్య భయ్యా. మా కరీం మాట్లాడి పంపిన క్యాసెట్టు మీదనే ఒకపారి నా మాట ఎక్కిస్తి. పోరడు పెండ్లికి ఒప్పుకున్న ముచ్చటంత పోయింది. గప్పటిసంది పలుకు విరగ్గొట్టి దాసుకుంటున్న."

"నలభై క్యాసెట్లల్ల నలభైసార్లు మాట్లాడినవా?" అన్నాను కౌసల్యతో.

"నీకు పన్నెండేండ్లసంది రోజుకు నలభైసార్లు చెప్తలేనా? అలవాటే."

ఆమె చుట్టాలెవరో అప్పుడు అర్థమైంది. మొగుడో కొడుకో బొంబాయిలోనో దుబాయిలోనో ఉన్న ఆడవాళ్ళు. చాలామందికి ఉత్తరం రాయడం రాదు, రాయించుకుంటే మనసులో మాట పరాయివాడికి చెప్పాలి. వాళ్ళ ఒక్కొక్క ఇంటికీ పోయి, ఒక్కొక్కరి పేరు పెట్టి పిలిచి, నా పాటను వాళ్ళ ఉత్తరానికి జంట చేసి పంపింది. నేను సిగ్గుపడ్డ ఖాళీ వైపే ఆమెకు ఆస్తి అయింది.

పీర్ల పండుగకని ఆ పొద్దునే బొంబాయి బస్సు వచ్చిందట. కృష్ణయ్యకు సెలవు దొరకలేదు, మేస్త్రీ చేతికి క్యాసెట్టు ఇచ్చి పంపాడు. గోపమ్మ దాన్ని తిప్పి పెట్టింది.

"గోపా, మంచిగున్న. రొట్టె పాట ఇంటుంటే మన గడప కండ్ల ముంగట కనవడ్డది. పని కాంగనె రోజు గుడిసెల అందరం ఇంటున్నం. గీడ మనోళ్ళు ఇరవై ఆరుగురున్నరు. అందరికి తలొక్కటి కావాల్నంట. పేర్లు చెప్తరు, రాసుకోమను."

గొంతులు ఒక్కొక్కటే ముందుకు వచ్చాయి. ఒకడు దగ్గుతూ చెప్పాడు, ఒకడు సిగ్గుపడుతూ చెప్పాడు, ఒకడు ఊరి పేరుతో పాటు తన ఎద్దుల పేర్లు కూడా చెప్పాడు. కౌసల్య నన్నే చూస్తూ ఒక్కో పేరుకు ఒక్కో వేలు ముడిచింది. పదో వేలు ముడిచాక రెండు పిడికిళ్ళూ నాకు చూపించింది. పేర్లు మాత్రం ఆగలేదు.

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. నా పాట కావాలని అడిగిన మనిషి గొంతును నేను అంతకుముందు ఎన్నడూ వినలేదు.

బావ గుమ్మానికి ఆనుకుని అన్ని పేర్లూ విన్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు. "బావా, గా రొట్టె పాట నువ్వే కట్టినవా?"

"నేనే."

"మరి ఉగాదికి నాకు గా పులి పాటెందుకు పాడినవయ్యా?" అని చెల్లెలి వైపు తిరిగాడు. "చెల్లె, దుకాణానికొచ్చే రైతుల ఇండ్లల్ల గూడ వలస పోయినోళ్ళున్నరు. నాకొక యాభై ఇయ్యి."

"ఊకె పంచకు అన్నా. పేరు, ఊరు రాసుకొని ఇయ్యి," అంది కౌసల్య.

హార్మోనియం అటకెక్కలేదు. కాకపోతే అక్కడొక చిక్కు వచ్చింది. నలభైలో మిగిలినవి రెండే. అందరూ నన్నే చూశారు.

"నూట అరవై ఊళ్ళనే ఉన్నయి గద," అంది కౌసల్య సంచీ నా చేతికిస్తూ. "పో, అడుక్కరాపో."

పండుగ అయ్యాక పదిహేను రోజులు అదే పని. వంగి వంగి ఇచ్చినవాటిని ఇంకా వంగి వెనక్కి తెచ్చుకున్నాను. సర్పంచు సోదర సోదరీమణులను వదులుకోవడానికి ఒప్పుకోలేదు. యాదయ్య మాత్రం బిడ్డ పందొమ్మిదో ఎక్కం దాకా నేర్చుకున్నాక ఇస్తానన్నాడు, ఇచ్చాడు. తెచ్చినవాటి మీద నా పాటలు తిరిగి ఎక్కించే పని పెద్దులుకే అప్పగించింది కౌసల్య. వాడు ఎక్కించినన్ని రోజులూ ఆమె పిన్నీసు పట్టుకుని ఎదురుగా కూర్చుంది. వాడు అన్ని రోజులూ ఒక్క సలహా కూడా చెప్పలేదు.

అన్నట్టు, కృష్ణయ్య పంపిన క్యాసెట్టులో ఆఖరి గొంతు సంగతి మీకు చెప్పలేదు. నేను కళ్ళు తుడుచుకుంటుండగా వచ్చింది.

"గాలయ్యన్నా, నీ పాట మంచిగున్నది. గని మొదలు మాట్లాడే అక్కతోటి ఇంకో నాలుగు ముచ్చట్లు చెప్పియ్యి. ఆమె మాట ఇంటుంటే ఇంట్ల తిట్లు తిన్నట్టే ఉన్నది, పానం నిమ్మళమైతాంది."

అందుకే మరుసటి ఏడు వేసిన రెండో క్యాసెట్టు అట్ట మీద కౌసల్య ఫోటో ఉంటుంది. పెండ్లి పట్టుచీర కట్టుకుని కూర్చుంది. ఈసారి కొంగు ఉండాల్సిన చోటే ఉంది. పక్కన హార్మోనియం ఉంది. జాగ్రత్తగా చూస్తే, దాని మెట్ల మీద నా చెయ్యి కూడా కనిపిస్తుంది.